స్క్రోల్ చేస్తే నోట్ల మరకలు, క్లెఫ్ బదులు & గుర్తు: నోటేషన్ సాఫ్ట్‌వేర్‌లో తెర సమస్యలు

ప్రశ్న (ఎనిమిదో_నోట్):
విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి బయటి మానిటర్ తగిలించి నోటేషన్ సాఫ్ట్‌వేర్ (సంగీతాన్ని గుర్తుల్లో రాసే ప్రోగ్రాం) వాడుతున్నాను. ల్యాప్‌టాప్ తెర స్కేలింగ్ 150 శాతం, మానిటర్‌ది 100. పేజీని జరిపితే పాత నోట్ల మరకలు తెర మీదే ఉండిపోతున్నాయి, ఒక్కోసారి ప్యాలెట్ మొత్తం నల్లబడుతోంది. విండోని మానిటర్ మీదికి లాగితే అంతా మసక. 50 శాతం జూమ్‌లో, నోట్లు కూర్చునే ఐదు స్టాఫ్ గీతల్లో రెండు లావుగా, మూడు సన్నగా ఉంటున్నాయి. వేరే ప్రోగ్రాంలో తయారైన ఒక పాత ఫైల్ తెరిస్తే ట్రెబుల్ క్లెఫ్ (స్టాఫ్ మొదట్లో వచ్చే స్వరస్థాయి గుర్తు) చోట & కనిపిస్తోంది. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఏమీ మారలేదు. ప్లేబ్యాక్ బాగానే ఉంది. ల్యాప్‌టాప్‌లో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్, విడి కార్డు రెండూ ఉన్నాయి. కార్డు పోయిందంటారా?

జవాబు (బార్‌లైన్):
కార్డు పోతే ఒక్క ఈ ప్రోగ్రాంతో ఆగదండి, బ్రౌజర్, వీడియోలు కూడా చెడతాయి. మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు సమస్యలు. ఒకే మందు వెతకకండి.

ముందు రెండు పరీక్షలు చేయండి. మరక కనిపించినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. అందులోనూ మరక ఉంటే తప్పు గీసే చోట ఉంది, అంటే సాఫ్ట్‌వేర్ లేదా డ్రైవర్. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే కేబుల్‌నో మానిటర్‌నో అనుమానించాలి. తర్వాత అదే పేజీని పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. అది సరిగ్గా వస్తే స్కోర్ ఫైల్‌కి ఏమీ కాలేదు, నిశ్చింతగా మిగతావి చూసుకోవచ్చు.

మరకలు, నల్ల ప్యాలెట్ చాలావరకు గ్రాఫిక్స్ డ్రైవర్ వల్ల వచ్చేవే. అవి కనిపిస్తుండగా విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒకసారి మినుకుమని డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దాంతో మరకలు పోయాయంటే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి ప్రోగ్రాంని జాబితాలో చేర్చండి. షార్ట్‌కట్‌ని కాదు, అసలు ప్రోగ్రాం ఫైల్‌నే చేర్చాలి. మీది మ్యూజ్‌స్కోర్ 4 అనే నోటేషన్ ప్రోగ్రాం అయితే అది బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఆప్షన్స్‌లో పవర్ సేవింగ్ పెట్టి, ప్రోగ్రాం మూసి తెరిచి చూడండి. తగ్గకపోతే హై పెర్ఫార్మెన్స్ పెట్టండి. ఏది పనిచేస్తుందో ముందే చెప్పలేం, రెండూ చూడాల్సిందే. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో ఎఫ్ఎక్స్ఏఏ (అంచుల్ని నునుపు చేసేది), ఇమేజ్ షార్పెనింగ్ లాంటివి అన్ని ప్రోగ్రాంలకూ ఆన్ చేసి ఉంటే ఆపేయండి. గేముల కోసం పెట్టినవి సన్నటి గీతల్ని అలికేస్తాయి.

మసకకి కారణం 150, 100 మధ్య తేడా. ప్రోగ్రాం ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. అక్కడ కింది ఓవర్‌రైడ్ పెట్టెలో టిక్ పెట్టి ‘అప్లికేషన్’ ఎంచుకోండి. ‘సిస్టమ్’ పెడితే విండోస్ గీసిన బొమ్మని సాగదీస్తుంది, మసక అక్కడే పుడుతుంది. ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ జీడీఐ అనే పాత విండోస్ పద్ధతిలో గీసే ప్రోగ్రాంలకే పనికొస్తుంది.

జవాబు (డబుల్_షార్ప్):
ఇంత దేనికండీ, ప్రోగ్రాంని ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌కి రీసెట్ చేస్తే సరిపోదా?

జవాబు (పాత_ఫాంట్లు):
రీసెట్ ఆఖరి అస్త్రంగా ఉంచుకోండి. మీరు మార్చుకున్న షార్ట్‌కట్లు, ప్రిఫరెన్సులు ఎగిరిపోతాయి, డ్రైవర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

& సంగతికి గ్రాఫిక్స్‌తో సంబంధమే లేదు. పాత సంగీత ఫాంట్లు మామూలు కీబోర్డు అక్షరాల స్థానాల్లోనే గుర్తుల్ని పెట్టేవి: & దగ్గర ట్రెబుల్ క్లెఫ్, ? దగ్గర బాస్ క్లెఫ్, # దగ్గర షార్ప్. ఫైల్ అడిగిన ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేకపోతే దాని బదులు మామూలు ఫాంట్ వస్తుంది, అందులో & అంటే & మాత్రమే. ఫినాలే ప్రోగ్రాం కాలపు మాయెస్ట్రో ఫాంట్, సిబేలియస్ ప్రోగ్రాం వారి ఓపస్ ఫాంట్ ఇలాంటివే. బ్రవూరా, లీలాండ్ లాంటివి స్మఫ్ల్ (సంగీత ఫాంట్ల కొత్త ప్రమాణం) ఫాంట్లు, ఇవి యూనికోడ్‌లో సొంత గుర్తుల కోసం వదిలిన ప్రైవేట్ యూజ్ ఏరియాని వాడతాయి. అవి లేకపోతే & బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. కాబట్టి ఏం కనిపిస్తోందో చూస్తేనే ఏ తరం ఫాంట్ లేదో తెలిసిపోతుంది.

ఫాంట్ పేరు కనుక్కుని, దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ నొక్కండి. ఉత్త ‘ఇన్‌స్టాల్’ నొక్కితే అది మీ ఖాతాకే పరిమితమవుతుంది, కొన్ని ప్రోగ్రాంలకి కనపడదు. ప్రోగ్రాంని మూసి తెరవడం మరిచిపోకండి. స్మఫ్ల్ ఫాంట్‌తో వచ్చే మెటాడేటా జేసన్ ఫైల్‌ని కూడా ప్రోగ్రాం ఫైల్స్, కామన్ ఫైల్స్, స్మఫ్ల్, ఫాంట్స్ అనే వరుసలోని ఫోల్డర్‌లో, ఆ ఫాంట్ పేరుతో ఉన్న సబ్‌ఫోల్డర్‌లో పెట్టాలి. నోట్ తలకి కాడ ఎక్కడ అతకాలో అందులోనే రాసి ఉంటుంది. అది లేకపోతే గుర్తులు వస్తాయి గానీ కాడలు పక్కకి జరిగి కనిపించవచ్చు.

ఎనిమిదో_నోట్:
స్క్రీన్‌షాట్‌లోనూ మరకలున్నాయి. పవర్ సేవింగ్ పెట్టాక పోయాయి, మసక కూడా తగ్గింది. ఫాంట్ వేశాక క్లెఫ్ వచ్చింది. స్టాఫ్ గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. స్టైల్‌లో గీత మందం పెంచనా?

బార్‌లైన్:
వద్దండీ, ప్రింట్‌లో మొద్దుగా వస్తాయి. ఇది లెక్క మాత్రమే. స్టాఫ్ స్పేస్ (రెండు గీతల మధ్య దూరం) 1.75 మి.మీ., గీత మందం అందులో 0.11 వంతు అనుకుంటే 0.19 మి.మీ. అవుతుంది. 96 డీపీఐ (అంగుళానికి 96 పిక్సెళ్లు) తెర మీద 100 శాతం జూమ్‌లో అది 0.73 పిక్సెల్, 50 శాతంలో 0.36. పిక్సెల్‌ని ముక్క చేయలేం కదా. సరిగ్గా పిక్సెల్ వరుస మీద పడిన గీత ఒకలా, రెండు వరుసల మధ్య పడినది ఇంకోలా కనిపిస్తుంది. 150 శాతం జూమ్ పైన పని చేసుకోండి, తేడా పెద్దగా తెలియదు. పీడీఎఫ్‌లోనూ ఇలాగే ఉంటే అక్రోబాట్ రీడర్ ప్రిఫరెన్సెస్, పేజ్ డిస్‌ప్లేలో ‘ఎన్‌హాన్స్ థిన్ లైన్స్’ టిక్ తీసేయండి. స్టాఫ్ గీతల్ని ఎగుడుదిగుడు చేసేది చాలాసార్లు అదే.