‘సైకో’ మొదటి ముప్పావు గంటా డబ్బు గొడవే ఎందుకు?

రెండోఆట:
మొన్న ఆదివారం రాత్రి హిచ్‌కాక్ ‘సైకో’ (1960) మళ్లీ చూశాను. హాస్టల్ రోజుల్లో షవర్‌లో హత్య సీను కోసం ముందు భాగమంతా ఫార్వర్డ్ చేసేశాను. ఈసారి ఓపిగ్గా కూర్చుంటే, ఆ సీను వచ్చేదాకా అన్నీ డబ్బు లెక్కలే. హీరోయిన్ మేరియన్ ప్రియుడు శామ్, తన తండ్రి చేసిన అప్పులూ, మాజీ భార్యకు భరణమూ కడుతుంటాడు. అవి తీరందే పెళ్లి లేదు. ఈమె తను పనిచేసే ఆఫీసుకొచ్చిన 40,000 డాలర్లతో పారిపోతుంది. తీరా చూస్తే ఆమె హత్యకీ ఆ డబ్బుకీ సంబంధమే లేదు! ఇదంతా మనల్ని పక్కదారి పట్టించడానికేనా, ఇంకేమైనా చెప్తున్నాడా?

మార్నింగ్‌షో:
పక్కదారే. ఎక్కువ ఆలోచిస్తున్నారు. టీవీ షో యూనిట్‌తో, సుమారు 8 లక్షల డాలర్లలో చుట్టేసిన సినిమా అది. డబ్బు ఎర, అంతే.

పాతరోడ్డు:
నాకైతే సినిమా మొత్తం, ఆమె దిగిన మోటల్ (రోడ్డు పక్క లాడ్జి) నడిపే హంతకుడు నార్మన్ అన్న ఒక్క మాట మీద నడుస్తుంది: హైవే అటు మార్చేశారు. పన్నెండు గదులు, పన్నెండూ ఖాళీ. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ హయాంలో హైవేల చట్టం వచ్చాక, కొత్త రోడ్లు పక్కనుంచి పోయి పాత దారి మీద బతికే మోటళ్లు చాలా మూతపడ్డాయి. అప్పటి ప్రేక్షకులకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మా నాన్నది పాత ఎన్‌హెచ్-5 మీద మెస్సు. రాత్రి రెండింటికి కూడా లారీలు ఆగేవి. బైపాస్ తెరిచిన వారానికే బేరం పడిపోయింది. అయినా ఎనిమిది నెలలు రోజూ అదే లెక్కన బియ్యం కడిగించాడు, వాకిట్లో నీళ్లు చల్లించాడు, ఆరయ్యేసరికి బోర్డు లైటు వేశాడు. మిగిలిన అన్నం అమ్మ పక్కింటి గేదెల కుడితిలో పోసేది. (ఆ యేడాది గేదెలు మాత్రం బాగా ఒళ్లు చేశాయి.) ఎవరూ పడుకోని మంచాల మీద కూడా వారానికోసారి దుప్పట్లు మారుస్తానంటాడు చూడండి నార్మన్, అక్కడ నాకు భయం వేయలేదు, గొంతు పట్టేసింది. అలాగని బేరం పోయినవాళ్లంతా కత్తి పట్టరు. వాడి జబ్బు వేరు, అది తల్లి దగ్గర మొదలైంది. కానీ ఆ జబ్బు ఇన్నాళ్లు ఎవరి కంటా పడకుండా ఉండాలంటే మనుషులు రాని చోటు కావాలి కదా.

లెడ్జర్:
నేను హైదరాబాద్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఫీనిక్స్‌లో మేరియన్ చేసేదీ అలాంటి ఆఫీసులోనే. కాసిడీ అనే ఆయిల్ ఆసామి నోట్ల కట్టలు ఊపుతూ, కూతురి పెళ్లికి ఇల్లు కానుక అంటాడు. పక్కసీటు అమ్మాయి ‘ఐ డిక్లేర్’ అంటుంది, ‘ఔరా’ అన్నట్టు. డిక్లేర్ అంటే ఆదాయం లెక్క చూపించడం కూడా. నేను చెయ్యను, అందుకే నా దగ్గర మిగులుతోంది అంటాడాయన. పన్నుకు చూపించని సొమ్మన్నమాట! ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అని మొదలయ్యే మా ఆఫీసు మాటలు గుర్తొచ్చి పగలబడి నవ్వాను. అది తీసుకుని పోయినామె దొంగ. కాసిడీని మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనరు.

రెండోఆట:
ఆ డిక్లేర్ ముక్క నేను పట్టుకోనేలేదు, వెనక్కి వెళ్లి మళ్లీ విన్నాను. ఇంకోటి: కారు మార్చుకోడానికి 700 ఖర్చయింది కదా, చనిపోయే ముందు కాగితం మీద 40,000లో అది తీసేసి 39,300 అని వేసుకుంటుంది, తిరిగి కట్టేద్దామని. ఆ మిగతా డబ్బు న్యూస్‌పేపర్లో చుట్టి ఉంటే, నార్మన్ విప్పి కూడా చూడకుండా డిక్కీలో పడేస్తాడు.

పాతరోడ్డు గారూ, మీ నాన్నగారు ఆ బోర్డు లైటు ఎప్పుడు ఆపేశారు?

పాతరోడ్డు:
ఆపలేదండీ. ట్యూబు కాలిపోయింది, మళ్లీ కొనలేదు.