మన్యం పితూరీ (అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు) సాక్ష్యాల్లో వేళలు కుదరట్లేదు, ఎలా సరిపెట్టాలి?

రాజమండ్రి పాతకాగితం:
1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. పోలీసు స్టేషన్ల మీద దాడుల తేదీలతో నాకు పేచీ లేదు, పేచీ అంతా వేళలతోనే. పోలీసు వాంగ్మూలం గంటలు చెబుతుంది, ఊరి పెద్దల నోటి మాట “జాము పొద్దెక్కాక” అంటుంది, ఇంకొకరు ఏకంగా రోజే మార్చేస్తారు. సగటు తీసుకోవచ్చా? లేక అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధానికి (1876) చేసినట్టు గడియారాలు సవరించాలా?

కాకినాడ రేవు:
సగటు మాత్రం వద్దండి. ఒకరు పదింటికన్నారు, ఒకరు రెండింటికన్నారు. పన్నెండని ఎవరూ అనలేదుగా!

లిటిల్ బిగ్‌హార్న్ తలనొప్పి వేరు. 1883 దాకా అక్కడ ప్రామాణిక కాలమే లేదు. ఆ చోటి సూర్యుడి వేళకీ షికాగో వేళకీ సుమారు 80 నిమిషాల తేడా. వాచీలు ఏ ఊరి టైముకి పెట్టుకున్నారన్నదే అక్కడి గొడవ. మనకా బాధ లేదు. 1906 నుంచి భారత ప్రామాణిక కాలం ఉంది, దాని రేఖ 82½ డిగ్రీలు, అంటే మా కాకినాడకి కాస్త తూర్పున సముద్రం మీద. చింతపల్లితో తేడా నిమిషం లోపే.

అలాగని స్టేషన్ గోడ గడియారాన్ని నమ్మేయకండి. తంతి (టెలిగ్రాం) దొరికితే అదే మేకు, మిగతా వేళలన్నీ దానికే కట్టాలి. దాని మీద ఇచ్చిన వేళ, అందిన వేళ విడివిడిగా ఉంటాయి. అందిన వేళని దాడి వేళగా రాసుకోవడం చాలామంది చేసే తప్పు.

కోనసీమ పంచాంగం:
రోజు మారడానికి కారణం మన మాటలోనే ఉంది. అర్ధరాత్రి దాటి రెండింటికి జరిగినదాన్ని మనవాళ్లు “మంగళవారం రాత్రి, తెల్లారితే బుధవారం” అంటారు. ఇంగ్లీషు రిపోర్టులో అది అప్పటికే బుధవారం. ఆగస్టు 22 మంగళవారమే, కాబట్టి ఈ చిక్కు మీకు నేరుగా తగులుతుంది. ముందు వారం అడగండి, సంత రోజుతో సరిచూడండి, తేదీ ఆ తర్వాత.

గడియంటే 24 నిమిషాలు. ఆగస్టు ఆఖర్లో అక్కడ సూర్యోదయం 5.45 ప్రాంతం, “పొద్దెక్కి నాలుగు గడియలు” అంటే 7.20 దాటాక. అయితే కొండ చాటు ఊళ్లో పొద్దు కనబడేసరికే ఆలస్యమవుతుంది, అరగంట అటూఇటూ వదిలేయండి. “బారెడు పొద్దు”ని నిమిషాల్లోకి లాగొద్దు.

వెన్నెల కూడా చూడండి. 1922 సెప్టెంబర్ 21న సూర్యగ్రహణం, అంటే అమావాస్య. నెల వెనక్కెళితే ఆగస్టు 22 కూడా అమావాస్య చుట్టుపక్కలే. చింతపల్లి రాత్రికి పండు వెన్నెల చెప్పిన కథనంలో ఆ వివరం తర్వాత చేరిందే. బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ చనిపోయిన దామనపల్లి పోరు (సెప్టెంబర్ 24) దసరా నవరాత్రుల్లో పడింది. “దసరా వెళ్లాక” అన్నవాళ్లు వేరే ఘటనతో కలిపేసుకుంటున్నారు.

రాజమండ్రి పాతకాగితం:
మరి ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసే ఇద్దరు సాక్షులకీ తేడా అయితే?

కాకినాడ రేవు:
గంట కన్నా వరస నమ్మకం. ఒక్కో సాక్షికి ఒక్కో నిలువు గీత గీసి, అతను కళ్లారా చూసినవే రాయండి. విన్నవి పెన్సిలుతో. ఇద్దరూ చూసిన ఘటన దగ్గర గీతలు కలపండి. తర్వాత సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 65 కె పటం (ఈ ఊళ్లున్న పటం) మీద దారి కొలవండి. ఆగస్టు వానలో, ఘాట్ బాటలో, బరువుతో గంటకి మూడు కిలోమీటర్లు మించి వేయకండి. ఆ నడకకి అందని వేళ ఎవరు చెప్పినా పక్కన పెట్టండి, రిపోర్టు అయినా సరే.