పదో తరగతి పిల్లలకు జీవపరిణామం గురించి ఏమని చెప్పాలి?

ప్రశ్న – గుంటూరు, జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు

నమస్కారం. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పన్నెండేళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను. 2024-25 నుండి మన రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. ఆ సంస్థ పుస్తకంలో ఒకప్పుడు ‘అనువంశికత – పరిణామం’ అనే పేరుతో ఉన్న అధ్యాయంలో ఇప్పుడు అనువంశికత ఒక్కటే మిగిలింది. మెండెల్ బఠాణీ మొక్కలు ఉన్నాయి గాని, జీవులు తరతరాలుగా మారుతూ వచ్చాయనే పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ లేడు. కోవిడ్ తరువాత పిల్లల మీద భారం తగ్గించడానికే తీసివేశామని ఆ సంస్థ చెప్పింది. 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, ఇతరులు ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకోమని బహిరంగ లేఖ రాశారు.

పాఠం పోయినా ప్రశ్న పోలేదు. గత నెలలో ఒక అమ్మాయి లేచి, “మేడమ్, దేవుడు ఆరు రోజుల్లో అన్నిటినీ సృష్టించాడని సండే స్కూల్లో చెప్పారు, మనిషి కోతి నుండి వచ్చాడని మా అన్నయ్య అంటున్నాడు, ఏది నిజం?” అని అడిగింది. వెనక బెంచీలోని అబ్బాయి, డార్విన్ చెప్పినదంతా దశావతారాలలో ముందే ఉందని వాళ్ల తాతగారు చెప్పారన్నాడు. నాకు తెలిసినంతలో పది నిమిషాలు వివరించాను. మరునాడు ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి ఫిర్యాదు చేశారు. యాజమాన్యం నన్ను పిలిపించి, ఇదొక అభిప్రాయం, అదొక అభిప్రాయం అని చెప్పి ముగించమని, మార్కులు లేని విషయానికి గొడవ ఎందుకని చెప్పింది.

ఆ మాట తరగతిలో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అలాగని ఆ అమ్మాయి నమ్మకాన్ని నలుగురిలో చిన్నబుచ్చడం కూడా నాకు ఇష్టం లేదు. రెండింటినీ సమానంగా నిలబెట్టి చెప్పడం న్యాయమేనా? కాకపోతే ఏమని చెప్పాలి?

జవాబు – విజయవాడ, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు

అమ్మా, న్యాయం కాదు. ముప్పై ఏళ్లు బైపీసీ పిల్లలకు జీవపరిణామం చెప్పినవాడిగా ఈ మాట నేను గట్టిగానే చెబుతాను. ఇంటర్‌లో ఆ పాఠం ఇంకా ఉంది కదా అని కొందరు సరిపెట్టుకుంటున్నారు. ఎంపీసీలో చేరే పిల్లల సంగతి ఏమిటి? పదో తరగతి దాటిన తరువాత వారికి జీవశాస్త్రం అనేదే ఉండదు. రేపు ఇంజనీర్లయ్యే పిల్లలు ఆధునిక జీవశాస్త్రానికి పునాది అయిన విషయాన్ని ఒక్క గంట కూడా వినకుండా చదువు ముగిస్తారు.

‘రెండు అభిప్రాయాలు’ అనే వాదానికి పాత చరిత్ర ఉంది. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1925లో పరిణామం బోధించాడన్న నేరం మీద జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి వంద డాలర్ల జరిమానా వేశారు. పై కోర్టు సాంకేతిక కారణంతో ఆ శిక్షను కొట్టివేసినా చట్టం మాత్రం 1967 వరకు అలాగే ఉంది. అటువంటి నిషేధాలు చెల్లవని అక్కడి సుప్రీంకోర్టు 1968లో తీర్పు ఇచ్చిన తరువాత వాదం రూపు మార్చుకుంది: పరిణామం చెబితే, దేవుడే అన్నిటినీ సృష్టించాడనే సృష్టివాదం కూడా చెప్పి తీరాలన్నారు. లూసియానా రాష్ట్రం చేసిన ఆ చట్టాన్ని 1987లో కొట్టివేశారు. ఆపైన అదే వాదం, జీవులను ఏదో తెలివైన శక్తి రూపొందించిందంటూ, ‘తెలివైన రూపకల్పన’ అనే కొత్త పేరుతో వచ్చింది. పెన్సిల్వేనియాలోని డోవర్ బడుల కేసులో 2005లో న్యాయమూర్తి ఇరుపక్షాల సాక్షులను వారాల తరబడి విని, అది విజ్ఞానశాస్త్రం కాదని తేల్చారు. మన దేశంలో ఆ విధమైన కేసులు నడవలేదు గాని, శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అని మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

ఇక కోతి సంగతి. నేను తరగతిలో ఇలా చెప్పేవాడిని: మీ పెదనాన్నగారి అబ్బాయి మీకు అన్న అవుతాడు గాని తాత కాడు, మీ ఇద్దరికీ తాత ఒక్కడే. చింపాంజీకీ మనకూ ఉన్న వరస అదే. కణంలో జన్యువులను మోసే క్రోమోజోములు మనకు 46, చింపాంజీకి 48. ఇద్దరికీ పూర్వీకుడు ఒక్కడే అయితే ఆ రెండూ ఎక్కడికి పోయాయి? మన రెండో క్రోమోజోమును పరిశీలిస్తే, సాధారణంగా క్రోమోజోము చివరలలో ఉండవలసిన గుర్తులు దాని నడుమన కనబడతాయి. రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కున్న చోటు అది. పిల్లలు దీన్ని ఎంత నిశ్శబ్దంగా వినేవారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

చేప నుండి నాలుగు కాళ్ల జంతువులకు మారే దశకు చెందిన జీవి, దాదాపు 37 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరకాలని ముందే లెక్క వేసుకుని ఆర్కిటిక్ ప్రాంతానికి వెళ్లినవారికి 2004లో టిక్టాలిక్ శిలాజం దొరికింది. వెదకవలసిన చోటును ముందుగా చెప్పగలిగింది కాబట్టే దాన్ని సిద్ధాంతం అంటున్నాం. ఊహకూ సిద్ధాంతానికీ ఉన్న ఈ తేడా పిల్లలకు తెలియకపోవడం వల్లనే సగం గొడవ వస్తున్నది.

దశావతారాల పోలిక గురించి కూడా చెప్పాలి. మన దేశానికి వచ్చి స్థిరపడిన జీవశాస్త్రవేత్త హాల్డేన్ కూడా ఆ వరుసను ముచ్చటగా ప్రస్తావించాడు. అయితే పోలిక వేరు, వివరణ వేరు. మత్స్యం తరువాత కూర్మం ఎందుకు వచ్చిందో పురాణం చెప్పదు, చెప్పవలసిన అవసరం దానికి లేదు. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద మన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగారే డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలు మేలని అన్నప్పుడు, ఆ విశ్వవిద్యాలయాన్ని గౌరవించే నాకు ఎంతో బాధ కలిగింది.

జవాబు – గుంటూరు జిల్లా, పత్తి, మిరప రైతు

మాస్టారు కోట్ల ఏళ్ల సంగతి చెప్పారు. మా పొలాల్లో పరిణామం పది, పదిహేనేళ్లలో జరిగింది. 1987లో శనగపచ్చ పురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తినివేసినప్పుడు నేను చిన్నవాణ్ణి. మా నాన్నగారు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు ఒకదాని మీద ఒకటి కొట్టారు. పురుగు చావలేదు. మందు కల్తీదని అందరూ అనుకున్నారు. పురుగు ఆ మందుకు తట్టుకునే శక్తిని తెచ్చుకున్నదని శాస్త్రవేత్తలు తరువాత తేల్చారు. ఆ ఏడాది అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న పత్తి రైతుల ఇళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి.

ఇక్కడ పురుగు ఏదీ మందుకు అలవాటు పడలేదు. లక్షల పురుగుల్లో పుట్టుకతోనే ఆ మందును తట్టుకోగలిగినవి ఏ కొన్నో ఉంటాయి. మిగిలినవాటిని మనమే చంపుతాం. బతికినవే గుడ్లు పెడతాయి. ఏడాదికి ఎన్నో తరాలు గడుస్తాయి కాబట్టి కొన్నేళ్లకు పొలమంతా వాటి సంతానమే అవుతుంది. ఇది తెలిసే 2002లో, కాయ తినే పురుగును చంపే గుణం మొక్కలోనే ఉన్న బీటీ పత్తి వచ్చినప్పుడు, 450 గ్రాముల విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ విత్తనాన్ని విడి సంచిలో ఇచ్చి, చేను చుట్టూ వేయమన్నారు. అక్కడ పెరిగే మామూలు పురుగులు, తట్టుకునే పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తాయని దాని ఉద్దేశం. మాలో చాలామంది ఆ చిన్న సంచిని గట్టు మీద పారేశాం. నేనూ పారేశాను. ఎందుకు వేయాలో మాకు ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకున్నది, తరువాత రెండో రకాన్నీ తట్టుకున్నది. మా పిల్లలకు ఈ పాఠం భారమని అనేవారు ఒక్కసారి మా చేలకు వచ్చి కాయ పగలగొట్టి చూడాలని నా మనవి.

జవాబు – విజయవాడ, నర్సు, సండే స్కూల్ ఉపాధ్యాయురాలు

మేడమ్ గారూ, ఆ అమ్మాయి వంటి పిల్లలకు ఆదివారాలు బైబిల్‌లో సృష్టి కథ ఉన్న ఆదికాండము చెప్పేది నేనే కాబట్టి రాస్తున్నాను. మాస్టారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. అయితే అమెరికా కోర్టుల చరిత్రతో మొదలుపెడితే, తన ఇంటి మీద కేసు నడుస్తున్నట్లు ఆ పిల్లకు అనిపిస్తుంది.

మా సంఘంలో ఆరు రోజులను ఆరు పగళ్లుగానే తీసుకోవాలనేవారు ఉన్నారు. వారితో నేను ఏకీభవించను, ఆ మాట వారికి కూడా తెలుసు. క్రైస్తవులందరూ పరిణామాన్ని కాదంటారనుకోవడం సరికాదు. 1996లో పోప్ రెండవ జాన్ పాల్ దాన్ని కేవలం ఊహగా చూడటానికి వీలు లేదని పొంటిఫికల్ సైన్స్ అకాడమీకి పంపిన సందేశంలో చెప్పారు. నేను ప్రార్థన చేసుకుని డ్యూటీకి వెళతాను. అక్కడ క్షయ రోగి మందులు నడుమలో మానేస్తే మందులకు లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయని రోజూ చెబుతాను. ఆ రెండు పనుల మధ్య నాకు ఎన్నడూ తగవు రాలేదు.

ఆ అమ్మాయితో ఇలా అనండి: “జీవులు ఎలా మారాయో రాళ్లూ ఎముకలూ కణాలూ ఏమి చెబుతున్నాయో ఈ తరగతిలో చూద్దాం. దేవుడు ఎందుకు చేశాడన్నది మీ అమ్మానాన్నలతో మాట్లాడుకో, దాన్ని కాదనే పని నాది కాదు.” ఆ తల్లిదండ్రులను కూడా ఒకసారి పిలిచి ఈ మాటే చెప్పండి. వారి భయం డార్విన్ గురించి కాదు, తమ బిడ్డ తమకు దూరమవుతుందని.

ప్రశ్న అడిగినవారి జవాబు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి పుస్తకం మళ్లీ తీసి చూశాను. అధ్యాయం మొదట్లోనే, సంతానంలో వచ్చే వైవిధ్యాల గురించి చెబుతూ, వేడిని తట్టుకోగల బాక్టీరియా వడగాడ్పుల్లో మిగిలినవాటికన్నా మెరుగుగా బతుకుతుందనే వాక్యం ఇంకా ఉంది. అది సిలబస్‌లోనిదే కాబట్టి యాజమాన్యం కాదనలేదు. అక్కడి నుండి మొదలుపెట్టి పత్తి పురుగు దాకా వెళతాను, పెదనాన్నగారి అబ్బాయి పోలికను కూడా వాడుకుంటాను. రైతుగారూ, మీ దగ్గర ఆ నాన్‌బీటీ విత్తనం సంచి ఏదైనా మిగిలి ఉంటే శనివారం నాటికి నాకు అందుతుందా?

జవాబు – గుంటూరు జిల్లా రైతు

ఖాళీ సంచి ఒకటి కొట్టంలో ఉందమ్మా. గులాబీ రంగు పురుగు తిన్న కాయలు కూడా నాలుగు తెస్తాను. శుక్రవారం యార్డుకు మిరప తీసుకొస్తున్నాను, బడి దగ్గరే ఇచ్చి వెళతాను.