పాత తెలుగు పోస్టులను సొంత బ్లాగులోకి తెచ్చుకోవడం ఎలా?

ఆదివారం_ఆబిడ్స్ (నల్లకుంట):
ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారాలు దొరికే పాత తెలుగు పుస్తకాల గురించి 2012 నుంచి ఒక సామాజిక మాధ్యమంలో రాస్తున్నాను. ఖాతా లేని మిత్రులకు లింకు పంపితే లాగిన్ కమ్మంటోంది, నా పాత పోస్టు నాకే వెతికినా దొరకడం లేదు. అందుకని నా సమాచారమంతా జేసన్ (సమాచారాన్ని పాఠంగా దాచే ఒక ఫైలు పద్ధతి) రూపంలో డౌన్‌లోడ్ చేసుకున్నాను. తీరా తెరిచి చూస్తే ఒక్క తెలుగు అక్షరమూ లేదు, అన్నీ పిచ్చి గుర్తులే. ఆ రాతలు పోయినట్టేనా? దక్కితే బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్‌లో పెట్టుకోవడం మేలా, వేర్వేరు సర్వర్ల మీద నడిచే సామాజిక మాధ్యమం మాస్టొడాన్‌కు వెళ్లడం మేలా?

కోడు_కలము:
ఏమీ పోలేదండి. అక్షరాలను కంప్యూటరులో బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఎగుమతి చేసిన ప్రోగ్రాము ఆ మూడింటినీ మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలనుకుని రాసేసింది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ముందు జేసన్‌ను చదివించి, ఆ తరువాత ఒక్కో పోస్టు పాఠాన్నీ లాటిన్-1గా (ఒక్కో అక్షరానికి ఒకే బైటు వాడే పద్ధతి) ఎన్‌కోడ్ చేసి, అంటే తిరిగి బైట్లుగా మార్చి, వెంటనే ఆ బైట్లను యూటీఎఫ్-8గా డీకోడ్ చేస్తే తెలుగు యథాతథంగా వస్తుంది. ఎమోజీలు కూడా దీంతోనే సరిపోతాయి. తేదీలను మాత్రం చూసుకోండి: అవి 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, అదీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం. మన సమయం కోసం ఐదున్నర గంటలు కలపకపోతే, ఆదివారం తెల్లవారుజామున రాసినవి శనివారం లెక్కలోకి పోతాయి.

మల్కాజిగిరి_పాఠకురాలు:
మాస్టొడాన్ మాట్లాడుకోవడానికి బాగుంటుంది గాని, పాత రాతలను దాచుకునే చోటు కాదని నా అభిప్రాయం. అక్కడ ఒక సర్వరు నుంచి మరొక సర్వరుకు మారితే అనుచరులు వెంట వస్తారు, పోస్టులు రావు. ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాక పాత లింకులు ఎందుకూ కొరగాకుండా పోయాయి కదా. కాబట్టి ముందుగా సొంత డొమైన్ (వెబ్ చిరునామా) తీసుకుని దాని మీద వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే, రేపు హోస్టింగ్ సంస్థను (బ్లాగును తన సర్వరులో ఉంచేదాన్ని) మార్చినా మీ చిరునామా మారదు. దానికి యాక్టివిటీపబ్ ప్లగిన్ (మాస్టొడాన్ వాడే సంధాన పద్ధతిని వర్డ్‌ప్రెస్‌కు కలిపే చేర్పు) తగిలిస్తే మాస్టొడాన్ వాడేవారు అక్కడి నుంచే మీ బ్లాగును అనుసరించగలుగుతారు, అందువల్ల రెండింటిలో ఒకటే ఎంచుకోవలసిన అవసరమూ ఉండదు.

పాతపుస్తకం:
ఖాతాను అప్పుడే మూసేయకండి. ఇలాంటి డౌన్‌లోడ్‌లలో సాధారణంగా మీరు రాసినవే వస్తాయి, మీ పోస్టుల కింద ఇతరులు రాసిన వ్యాఖ్యలు రావు. ఫలానా ప్రతి ఎన్నో ముద్రణో, అట్ట మీది బొమ్మ ఎవరిదో చెప్పినవారంతా ఆ వ్యాఖ్యల్లోనే ఉంటారు, నిజానికి మీ పోస్టుల విలువలో సగం అదే. పనికొచ్చేవాటిని చేత్తోనే ఎత్తి రాసుకుని, వారి అనుమతి అడిగి, వారి పేరుతోనే పెట్టండి. ఫొటోల విషయానికి వస్తే, అసలు ఫైళ్లు ఫోనులో ఉంటే అవే వాడండి. అక్కడి నుంచి దిగినవి కుదించినవి కాబట్టి పాత అచ్చులోని చిన్న అక్షరాలు అలికినట్టు ఉంటాయి.