బడి పిల్లకి రాగి బాటిలా, స్టీలు బాటిలా? మా ఇంట్లో గొడవ తేలట్లేదు

పర్లాకిమిడి_కోడలు:
నమస్కారం అండీ. విషయం చిన్నదే కానీ ఇంట్లో వారం రోజులుగా నలుగుతోంది. మా అమ్మాయి అయిదో తరగతి. ఎండలకి మార్నింగ్ స్కూల్ పెట్టారు, ఆరున్నరకల్లా బడిలో ఉండాలి. పోయిన రథయాత్రకి మా అత్తగారు ముచ్చటపడి మనవరాలికి రాగి బాటిల్ కొన్నారు. ఇన్నాళ్ళూ అందులో మంచినీళ్ళే పోసి పంపేదాన్ని. మొన్న సోమవారం పఖాళ తినగా తరవాణి, అదే ఆ పులిసిన నీళ్ళు, మిగిలింది (మా ఇంట్లో సగం మంది పఖాళ అంటాం, సగం మంది చద్దన్నం అంటాం, వస్తువు ఒకటే). చలవ చేస్తుంది కదా అని ఉప్పు, నిమ్మాకు వేసి ఆ బాటిల్లో పోసి పంపాను. తొమ్మిదింటికి తాగిందట. నోరంతా అదోలా ఉందని రెండుసార్లు వాంతి చేసుకుంది. సాయంత్రానికి సర్దుకుని ఆడుకుంది లెండి. బాటిల్లోకి టార్చి వేసి చూస్తే లోపల కొత్తదానిలా తళతళలాడుతోంది, మురికన్నదే లేదు. బాటిల్ శుభ్రంగానే ఉంది, తరవాణే పాడైందంటారు అత్తగారు. స్టీలుకి మార్చేద్దాం అంటారు మా ఆయన. మీరేమంటారు?

బరంపురం_పెద్దాయన:
అమ్మా, మీ అత్తగారి మాటే నాది. ఈ ఎండకి తరవాణి మూడు గంటలు నిలవుంటే ఏటవుతుంది మరి? రాగిని అనకండి. 2012లో బెంగళూరు పరిశోధకులు కలరా, టైఫాయిడ్ జాతి క్రిములు కలిపిన నీళ్ళని రాగి కుండలో 16 గంటలు ఉంచి చూస్తే ఒక్క క్రిమీ మిగల్లేదు. మా ఇంట్లో మూడు తరాలు రాగి బిందె నీళ్ళే తాగాం. మా నాయనమ్మ పులుసు కూడా రాగి గిన్నెలోనే కాచేది, ఎవరికీ ఏమీ కాలేదు.

జయపురం_బైకు:
రాగీ వద్దు, మామూలు స్టీలూ వద్దు. వాక్యూమ్ ఫ్లాస్కు బాటిల్ కొనండి. పొద్దున్న పోసిన చల్లనీళ్ళు మధ్యాహ్నం కోరాపుట్ ఘాటీ ఎక్కాక కూడా చల్లగానే ఉంటున్నాయి నాకు.

గుణుపురం_మాస్టారు:
పెద్దాయన గారూ, ఆ పరిశోధన నిజమే, నేనూ పిల్లలకి చెబుతుంటాను. కానీ వాళ్ళు పోసింది వట్టి నీళ్ళు. ఆ నీళ్ళలోకి దిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకి, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాములకి, చాలా లోపలే ఉంది. పులుపు పోస్తే ఆ లెక్క వేరు.

అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది వాంతి కాదు, ఆ తళతళ. నెలల తరబడి మంచినీళ్ళు పోసిన రాగి లోపల నల్లగానో గోధుమ రంగుగానో ఉండాలి, అక్కడక్కడా పచ్చటి చిలుము కూడా ఉండొచ్చు. అది కొత్తదానిలా మెరిసిందంటే ఎవరో తోమారన్నమాట. తోమింది తరవాణి. చింతపండు, ఉప్పు వేసి బిందె తోమితే జరిగేది ఇదే: పులుపు ఆ పొరని కరిగించేస్తుంది. బిందె తోమితే ఆ నీళ్ళు తూములోకి పోతాయి, ఇక్కడ పాప కడుపులోకి పోయాయి. రాగి ఒక్కసారిగా ఎక్కువ పడితే ముందు కనిపించేవి వికారం, వాంతులే. తరవాణి కూడా పాడై ఉండొచ్చు, కాదనను. కానీ బాటిల్ మీద అనుమానం పోవట్లేదు. మజ్జిగ, నిమ్మరసం, పళ్ళ రసం ఏవీ రాగిలో పోయకండి. రాగి ఒంట్లో పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉన్నవాళ్ళయితే రాగి నీళ్ళ జోలికే పోకూడదు.

ఇక నాయనమ్మ గారి పులుసు గిన్నె. దాని లోపల ఏ రంగులో ఉండేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

బరంపురం_పెద్దాయన:
తెల్లగా ఉండేది.

మాస్టారూ, దెబ్బ కొట్టారు. కళాయి! ఏడాదికోసారి వీధిలోకి కళాయి వేసేవాడు వచ్చేవాడు. నేలలో గుంట తవ్వి, బొగ్గులు వేసి తోలుతిత్తి ఊదేవాడు. గిన్నె ఎర్రగా కాలాక నవాసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది, మేం దగ్గుకుంటూ కూడా అక్కడే నిలబడేవాళ్ళం. తగరం ముక్క అలా రాసి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా అయిపోయేది. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే నాయనమ్మ మా అమ్మని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అవును, పులుసు తగిలింది తగరానికి, రాగికి కాదు. బిందెకి మాత్రం కళాయి ఉండేది కాదు, అందులో నీళ్ళే.

అయినా నీళ్ళకి రాగి మంచిదే అంటాను.

గుణుపురం_మాస్టారు:
నీళ్ళకి నేనూ వద్దనను. కానీ బిందెలో చెయ్యి పడుతుంది. రోజూ తెల్లారి వొంపేసి తోమేవారు. ఈ బాటిల్ మూతిలో నా రెండు వేళ్ళు కూడా పట్టవు. పదేళ్ళ పిల్ల బాటిల్‌ని రోజూ అంత శ్రద్ధగా ఎవరు తోముతారు చెప్పండి?

రాయగడ_సామాన్ల_కొట్టు:
అమ్మే వాడిని, నా మాటా వినండి. మాస్టారు చెప్పిన మూతే అసలు సంగతి. స్టీలైనా సరే, మీ పిడికిలి కాకపోయినా నాలుగు వేళ్ళు దూరే వెడల్పు మూతి చూడండి. జనం మాత్రం అయస్కాంతం పట్టుకొస్తారు. అంటుకోకపోతే 304 అనే మంచి రకం స్టీలు అని సంబరం. అయ్యా, చవక 202 కూడా అంటుకోదు. పైపెచ్చు మంచి 304 బాటిల్‌కి కూడా మెడ దగ్గర కొంచెం లాగుతుంది, అక్కడ రేకుని సాగదీసి మలుస్తారు కాబట్టి. అయస్కాంతం పనికొచ్చేది ఒక్కచోటే, రాగి బాటిల్‌కి గట్టిగా అంటుకుంటే అది రాగి పూత పూసిన ఇనుము. రాగి, స్టీలు, అల్యూమినియం నీళ్ళ బాటిళ్ళకి ఐఎస్ఐ మార్కు ఉండాలని 2023లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. మార్కు దగ్గర ఐఎస్ 17803 అని ఉందో లేదో చూడండి.

ఇక ఫ్లాస్కు బాటిల్, అంటే రెండు గోడల మధ్య గాలి తీసేసింది. మా కాటా మీద పెడితే ముప్పావు లీటరుది ఖాళీగానే 380 గ్రాములు తూగింది. ఒంటి గోడ స్టీలు దాంట్లో సగం కూడా లేదు. పుస్తకాలతో పాటు పిల్ల మోయాలి కదా. అయినా కొంటాం అంటే కొట్లోనే వేడినీళ్ళు పోయించి ఐదు నిమిషాలాగి పట్టుకోండి. పక్కలు వెచ్చబడితే మధ్యలోకి గాలి చేరిందని అర్థం, తీసుకోకండి.

జయపురం_బైకు:
అన్నా, మరి నా బాటిల్ పాచి కంపు కొడుతోంది. రోజూ సబ్బుతో కడుగుతున్నా.

రాయగడ_సామాన్ల_కొట్టు:
మూతలో రబ్బరు రింగు ఎప్పుడైనా తీశావా తమ్ముడూ?

జయపురం_బైకు:
అది ఊడి వస్తుందా!! ఇప్పుడే చెంచా కొనతో లాగాను. కింద నల్లటి జిగురు. ఫొటో పెట్టను, మీరు అన్నం తింటుంటారు.

రాయగడ_సామాన్ల_కొట్టు:
వేడినీళ్ళలో వంటసోడా వేసి రింగు నానబెట్టు, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, ఆరాక పెట్టు. రాత్రి బాటిల్ మూత తీసే ఉంచు. బ్లీచింగ్ పౌడరు, స్టీలు పీచు మాత్రం లోపలికి పోనివ్వకు, స్టీలు కూడా తుప్పు మచ్చలు పడుతుంది. బోరు నీళ్ళ తెల్ల పొర కడితే కాస్త నిమ్మరసం వేసి అరగంట ఉంచి కడిగెయ్.

పర్లాకిమిడి_కోడలు:
అందరికీ దండాలు. మాస్టారు రాసింది అత్తగారికి చదివి వినిపించాను. కళాయి అనగానే ఆవిడే "అవునే, ఆ ముక్క మర్చిపోయాను" అన్నారు. రాగి బాటిల్ ఆవిడ మంచం పక్కకి వెళ్ళింది, రాత్రి నీళ్ళు పోసుకుని పొద్దున్న తాగుతారట, రోజూ తోముకోవడం కూడా తనే చూసుకుంటానన్నారు. పాపకి వెడల్పు మూతి ఒంటి గోడ స్టీలు అనుకున్నాం, చల్లగా ఉండకపోయినా తడిగుడ్డ చుట్టి పంపుతాను. కొట్టు బాబూ, రింగులు విడిగా దొరుకుతాయా? ఉంటే రెండు పక్కన పెట్టండి, శనివారం రాయగడ వస్తున్నాం.