వినికిడి యంత్రం అమరిక: తెరపై చూపిన గీతను నమ్మవచ్చా?

గోదారి గట్టు:
మా నాన్నగారికి 72 ఏళ్లు. ఆరు నెలల క్రితం రెండు చెవులకూ యంత్రాలు పెట్టించాము. గొంతు వినబడుతోంది కానీ మాట తెలియడం లేదని ఆయన అంటారు, చెప్పింది పట్టించుకోరని అమ్మ అంటుంది. కొన్నచోట కంప్యూటర్ తెరపై రెండు గీతలు ఒకదానిపై ఒకటి పడినట్టు చూపించి, అంతా సరిగ్గానే ఉందని పంపించివేశారు. మీ అనుభవం ఏమిటో చెప్పగలరా?

చెవిపరీక్షల గది:
నేను ఆడియాలజిస్టుని. ఆ రోజు నాన్నగారి చెవిలో సన్నని మెత్తని గొట్టం పెట్టారా? పెట్టకపోతే మీరు చూసిన గీత కొలిచినది కాదు, సగటు చెవిని దృష్టిలో పెట్టుకొని సాఫ్ట్‌వేర్ వేసిన అంచనా మాత్రమే. అసలు కొలతలో ఆ గొట్టం కొసను కర్ణభేరికి సుమారు 5 మిల్లీమీటర్ల దూరం దాకా పంపి, యంత్రం తొడిగి, ఎదుటి స్పీకరు నుంచి 65 డెసిబెల్స్ స్థాయిలో మాటల ధ్వని వినిపించి, కర్ణభేరి దగ్గరకు నిజంగా ఎంత చేరుతోందో చూస్తాము. ఇలా కొలిచినప్పుడు 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య, అంటే సన్నని ధ్వనుల దగ్గర, గీత లక్ష్యం (ఆ మనిషి వినికిడికి తగినట్టు అందాల్సిన ధ్వని స్థాయి) కంటే కిందికి జారి ఉండడం తరచుగా కనిపిస్తుంది. అచ్చులు గొంతుకు బలమిస్తాయి కానీ స, శ, చ వంటి హల్లులను గుర్తుపట్టడానికి ఆ సన్నని ధ్వనులే కావాలి.

ఓరుగల్లు కోట:
నాకు ఈ కొలత మా ఆవిడ గొంతుతోనే చేశారు. ఆమె పక్కన కూర్చుని పేపరు చదువుతుంటే తెరపై ఆమె మాట రంగు పట్టీలాగా కదిలింది, దాని మీదుగా నా వినికిడి హద్దు ఒక గీతగా ఉంది. పట్టీ కుడివైపు కొస, అంటే సన్నని ధ్వనుల భాగం, ఆ గీత కిందే ఉండిపోయింది. "అంటే ఆ కిందున్నదంతా ఈయనకు వినబడనట్టేనా?" అని ఆవిడే అడిగింది. భోజనాల దగ్గర చారు, కారు ఒకటిగా ఎందుకు వినబడేవో నాకూ అప్పుడే అర్థమైంది.

గోదారి గట్టు:
ధన్యవాదాలండీ. నిన్న వేరేచోట కొలిపించాము. ముందు గులిమి తీయించుకొని రమ్మని ఒకసారి వెనక్కి పంపారు, అది వేరే కథ. కుడి చెవిలో 3000 హెర్ట్జ్ దగ్గర లక్ష్యానికి 12 డెసిబెల్స్ తక్కువ ఉందట, పెంచారు. ఇప్పుడు స్టీలు గిన్నెల చప్పుడు భరించలేకపోతున్నారు.

చెవిపరీక్షల గది:
గట్టి శబ్దాలతోనూ కొలిచి, యంత్రం ఇచ్చే గరిష్ఠ ధ్వనిని సరిచూడమని అడగండి. ఒకటి రెండు వారాలకు చెవి అలవాటుపడవచ్చు. గీత లక్ష్యాన్ని అందుకున్నా, లోచెవి బాగా దెబ్బతిన్నవారికి మాట పూర్తిగా తేటపడకపోవచ్చు కనుక, మాటలు వినిపించి తిరిగి పలికించే పరీక్ష కూడా చేయించండి.

గోదారి గట్టు:
సోమవారం మళ్లీ వెళుతున్నాము. ఈసారి అమ్మనూ తీసుకువెళతాను.