వరాశికలో అమ్మ లేదేమిటి?

మా అమ్మాయి ఇంటర్ జువాలజీ బట్టీ పడుతోంది: "మెదడు చుట్టూ మూడు పొరలు, వరాశిక, లౌతికళ, మృద్వి." మృద్వి అంటే మెత్తనిదని తెలుస్తోంది. మిగతా రెండూ ఏమిటండీ? ఇంగ్లీషులో వరాశికను డ్యూరా మేటర్, మృద్విని పియా మేటర్ అన్నారు. మేటర్ అంటే లాటిన్‌లో అమ్మ అట. ఆ అమ్మ మన మాటల్లోకి ఎందుకు రాలేదు?

జవాబు: లౌతికళ సులువండీ. లూత అంటే సాలెపురుగు. ధూర్జటి "ఏ వేదంబు పఠించె లూత" అన్నాడే, ఆ లూతే. శ్రీకాళహస్తిలో శివుణ్ణి కొలిచిన సాలీడు ఇంటర్ పుస్తకం దాకా వచ్చిందన్నమాట! ఈ పొర నుంచి కింది మృద్వికి సన్నని పోగులు గూడు అల్లినట్టు ఉంటాయి. మెదడు చుట్టూ ఉండే నీరు, అదే మస్తిష్కమేరుద్రవం, ఉండేది ఆ సందులోనే. కళ అంటే ఇక్కడ పొర. సుశ్రుతుడు ఒంట్లో ఏడు కళలు చెప్పాడు.

వరాశి అంటే ముతకబట్ట. అమరకోశంలో "వరాశిః స్థూలశాటకః" అని ఉంది. వరాశిక దాన్నుంచే వచ్చి ఉండాలి. పుర్రె లోపలివైపు అంటుకుని ఉండే గట్టి పొరకు ముతకబట్ట పేరు! పెట్టినవారెవరో గానీ చెయ్యి తిరిగినవారు.

ఇక అమ్మ. ఆవిడ లాటిన్ ఆడపడుచు కాదు, అరబ్బీ నుంచి వచ్చింది. గ్రీకులు మందపు పొర, పల్చని పొర అని ఊరుకున్నారు. అరబ్బీ వైద్యులు వాటిని 'ఉమ్మ్', అంటే అమ్మ, అన్నారు. వస్తువులకు చుట్టరికాలు కలపడం ఆ భాష తీరు. మనం తల్లివేరు అనమూ? అలీ ఇబ్న్ అల్ అబ్బాస్ రాసిన వైద్యగ్రంథాన్ని 1127లో ఆంటియోక్ నగరపు స్టీఫెన్ లాటిన్‌లోకి తెస్తూ మాటకు మాట పెట్టేశాడు. గట్టి అమ్మ, సున్నితమైన అమ్మ. 'పియా'కు భక్తిగలది అనే అర్థం కూడా ఉండటంతో పల్చని పొర కాస్తా భక్తురాలైంది. ఇక లౌతికళకు ఇంగ్లీషులో ఉన్న సాలెగూటి పేరు, అరాక్నాయిడ్, 17వ శతాబ్దంలో గానీ రాలేదు.

ఇంకొకరు: గట్టి అమ్మ అనే ఉంచితే మా ఇంట్లో ఎవరికీ బట్టీ అక్కర్లేకపోయేది! సరే గానీ, మెనింజైటిస్‌ను మెదడువాపు అనవచ్చా?

జవాబు: అనకండి. మెదడువాపు ఎన్‌సెఫలైటిస్, అది మెదడుకే వచ్చేది. ఇది పొరలకు వస్తుంది. మెదడు పొరల వాపు అంటే చాలు, వరాశిక దాకా పోనక్కర్లేదు.